అవనీంద్రనాథ్ ఠాగూర్ అంగసాదృశ్యాలు: చిత్రకారుని శరీరవిద్య – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మనిషి దేహనిర్మాణాన్ని చిత్రకారుడు ఏ మార్గంలో నేర్చుకోవాలి అన్న ప్రశ్నకు ఆధునిక భారతీయ కళాచరిత్రలో వచ్చిన సమాధానాలలో అవనీంద్రనాథ్ ఠాగూర్ 1914లో ఆంగ్లంలో వెలువరించిన చిన్న పుస్తకం ముఖ్యమైనది. దేహభాగాలను ఆకులు, పూలు, చేపలు, పక్షులతో పోల్చి చూపిన ఈ పుస్తకాన్ని పాశ్చాత్య అనాటమీకి జాతీయవాద ప్రత్యుత్తరంగా మాత్రమే చదవడం పరిపాటి. అందులోని సాదృశ్యాలు కావ్యాలంకారాలు కావనీ, రూపాన్ని గుర్తుంచుకొని గీయడానికి ఉపకరించే బోధనాసాధనాలనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఆ సాధనం ఎక్కడ ఆగిపోతుందో, ఎలాంటి శరీరాన్ని అది చూడలేదో 1943 నాటి బెంగాల్ కరువు చిత్రాల నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: శరీరనిర్మాణశాస్త్రం, సాదృశ్యం, తాలమానం, చిత్రసూత్రం, అవనీంద్రనాథ్ ఠాగూర్, అంగవర్ణన, బెంగాల్ కరువు.

1. ఉపోద్ఘాతం

విష్ణుధర్మోత్తర పురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం చిత్రకారుని నైపుణ్యానికి ఒక కఠినమైన పరీక్ష పెట్టింది. నిద్రిస్తున్నవానిలో చైతన్యాన్నీ, మరణించినవానిలో దాని లోపాన్నీ చూపగలిగినవాడే చిత్రవేత్త అని దాని భావం. రెండు దేహాలలోనూ అవే అంగాలు, అవే కొలతలు ఉంటాయి. భేదమంతా మెడ వాలిన తీరులో, వేళ్ళు ముడుచుకున్న తీరులో, పొట్ట ఎత్తుపల్లాలలో ఉంటుంది. ఈ భేదాన్ని పట్టుకోవడానికి కొలతలు చాలవు, చూపు ఒక్కటే చాలదు. దేహం ఎలా పనిచేస్తుందో తెలియాలి.

ఆ తెలివిడికి రెండు దారులు కనిపిస్తాయి. చర్మం కింద ఏముందో కోసి చూడటం మొదటిది. పైకి కనిపించే రూపాన్ని తెలిసిన మరో రూపంతో పోల్చి పట్టుకోవడం రెండవది. మొదటిది పాశ్చాత్యం, రెండవది భారతీయం అన్న విభజన బాగా ప్రచారంలో ఉంది కాని, అది చరిత్రకు పూర్తిగా సరిపడదు. మృతదేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు నానబెట్టి, కుంచెవంటి సాధనంతో పొరపొరగా రాస్తూ లోపలి భాగాలను పరిశీలించే విధానాన్ని సుశ్రుతసంహిత శారీరస్థానం వివరించింది. అందువల్ల శవపరిచ్ఛేదం భారతీయులకు తెలియని విద్య కాదు. అయితే అది వైద్యుని విద్యగానే మిగిలింది. ప్రతిమాలక్షణం చెప్పే గ్రంథాలు వేరే దారిలో నడిచాయి.

2. తాలమానం: కొలత చెప్పేది, చెప్పనిది

శిల్పగ్రంథాలలో దేహానికి ప్రధానమైన కొలమానం తాలం. ఒక తాలానికి 12 అంగుళాలు. ఇక్కడ అంగుళమంటే ప్రతిమకు సాపేక్షమైన కొలత. నవతాల ప్రతిమ ఎత్తు 108 అంగుళాలు. ఇందులో ముఖానికి 12, మెడకు 4, మెడ నుండి హృదయం వరకు 12, అక్కడి నుండి నాభి వరకు 12, నాభి నుండి మేఢ్రం వరకు 12, తొడకు 24, మోకాలికి 4, పిక్కతో కూడిన కాలికి 24, పాదానికి 4 అని ఒక ప్రసిద్ధమైన విభాగం ఉంది. చిత్రసూత్రం హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అని ఐదు విధాల పురుషులను చెప్పి, వారికి వరుసగా 108, 106, 104, 100, 90 అంగుళాల ఎత్తును నిర్దేశించింది.

ఈ పద్ధతి ప్రయోజనం స్పష్టమే. ఒకే ఆలయంలో పలువురు శిల్పులు పనిచేసినా ప్రతిమల నిష్పత్తి చెడదు. మోకాలు ఎక్కడ రావాలో, నాభి ఎక్కడ ఉండాలో అభ్యాసకునికి ముందే తెలుస్తుంది. కాని కీలు ఎక్కడ ఉందో చెప్పిన కొలత ఆ కీలు ఎటు వంగుతుందో చెప్పదు. నిటారుగా నిలిచిన దేహానికి సరిపడే లెక్క కూర్చున్న దేహంలో, వంగి బరువెత్తుతున్న దేహంలో కంటికి అదే విధంగా కనిపించదు. సమభంగం, అభంగం, త్రిభంగం, అతిభంగం అనే భంగిమల విభాగం ఈ లోటును కొంత పూరించింది. మిగిలిన లోటును పూరించడానికి వచ్చినది సాదృశ్యం.

3. పుర్రె, జ్వరం, పుస్తకం

కలకత్తా వైద్యకళాశాల స్థాపన జరిగిన మరుసటి ఏడాది, 1836లో, మధుసూదన్ గుప్త అక్కడ శవపరిచ్ఛేదం చేశారు. ఆధునిక భారతీయ వైద్యచరిత్రలో ఇదొక మైలురాయి. 1854లో అదే నగరంలో కళాపాఠశాల ప్రారంభమైంది. యూరోపియన్ చిత్రకళాబోధనలో ఎముకల, కండరాల అధ్యయనం పునాదిగా ఉండేది. లియొనార్డో డా విన్చీ స్వయంగా శవాలను కోసి గీసిన చిత్రాలు, 1543లో వెలువడిన వెసాలియస్ గ్రంథం ఆ సంప్రదాయానికి ఆదర్శాలు.

అవనీంద్రనాథ్ మొదట శిక్షణ పొందినది యూరోపియన్ గురువుల వద్దనే. ఇటలీకి చెందిన గిలార్డీ, ఇంగ్లండుకు చెందిన పామర్ ఆయనకు పాఠాలు చెప్పారు. పామర్ ఒకసారి మనిషి పుర్రెను ముందుంచి గీయమనడం, గీస్తుండగానే తాను అస్వస్థతకు లోనుకావడం, ఇంటికి చేరేసరికి తీవ్రజ్వరం రావడం, కొంతకాలం ఆ చదువు ఆగిపోవడం అవనీంద్రనాథ్ ‘జొడాసాంకోర్ ధారే’ స్మృతులలో చెప్పుకున్నారు. 1905లో కలకత్తా కళాపాఠశాల ఉపాధ్యక్షుడైన ఆయన, ఆ తరువాత దేహనిర్మాణంపై ‘ప్రవాసి’ పత్రికలో బెంగాలీలో రాశారు. దానిని సుకుమార్ రాయ్ ఆంగ్లంలోకి అనువదించగా 1914లో ‘సమ్ నోట్స్ ఆన్ ఇండియన్ ఆర్టిస్టిక్ అనాటమీ’ పేరుతో పుస్తకంగా వచ్చింది.

పుర్రె ముందు కూర్చోలేకపోయిన యువకుడే పుర్రె ప్రసక్తి లేని అనాటమీ రాశాడని ఈ ఘటనను ఆధారం చేసుకొని తేల్చడం సులభం. అయితే అది రచయిత స్వభావాన్ని గురించిన ఊహ అవుతుందే గాని, పుస్తకంపై విమర్శ కాదు. ఆ పుస్తకం అభ్యాసకునికి ఏమి నేర్పుతుందన్నదే విమర్శకు తగిన ప్రశ్న. బెంగాల్ కళాసంప్రదాయం తెలుగునాటికి కూడా చేరింది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ చిత్రకళ బోధించగా, అడివి బాపిరాజు ఆయన వద్ద నేర్చుకున్నారు. కనుక ఈ ప్రశ్న తెలుగు కళాచరిత్రకు బయటిది కాదు.

4. బోధనాసాధనంగా సాదృశ్యం

అవనీంద్రనాథ్ ఇచ్చిన పోలికలలో కొన్ని ఇవి: కనుబొమకు వేపాకు లేదా విల్లు, కంటికి చేప, కాటుకపిట్ట, లేడికన్ను, తామర, కలువ, ముక్కుకు నువ్వుపువ్వు లేదా చిలుకముక్కు, పెదవికి దొండపండు, గడ్డానికి మామిడిటెంక, మెడకు శంఖం, మొండెానికి ఆవుముఖం, నడుముకు డమరుకం లేదా సింహం నడుము, భుజానికి ఏనుగుతల, బాహువుకు తొండం, ముంజేతికి లేత అరటిబోదె, తొడకు అరటిస్తంభం, మోకాలికి పీతడిప్ప, పిక్కకు గుడ్లతో నిండిన చేప. ప్రతి పోలిక పక్కనా రేఖాచిత్రం ఉంది.

ప్రబంధాలు చదివినవారికి ఈ జాబితాలో సగం పరిచితమే. కంబుకంఠం, బింబాధరం, రంభోరువు వంటి మాటలు అంగవర్ణనలలో అడుగడుగునా తగులుతాయి. సాహిత్యవిమర్శ వీటిని కవిసమయాలుగా, వాడి వాడి అరిగిపోయిన ఉపమానాలుగా పరిగణిస్తూ వచ్చింది. అయితే కవి చేతిలో పోలిక నడిచే దారి వేరు, చిత్రకారుని చేతిలో నడిచే దారి వేరు. వసుచరిత్రలో కనిపించే, నంది తిమ్మనకు ‘ముక్కు తిమ్మన’ అన్న పేరు తెచ్చిందని ఐతిహ్యం చెప్పే నాసికావర్ణన పద్యమే ఇందుకు నిదర్శనం. అక్కడ సంపెంగకూ ముక్కుకూ గల ఆకారసామ్యం ఆరంభం మాత్రమే. తుమ్మెద తనను చేరదన్న సంపెంగ బాధ, దాని తపస్సు, కోరిక ఫలించడం అనే కల్పన వైపు పద్యం సాగిపోతుంది. పాఠకుడు ఆనందించేది ఆ చమత్కారాన్ని. ముక్కు రూపం ఎలా ఉందో ఆ పద్యం చదివి గీయడం కుదరదు, గీయమని కవి అడగలేదు కూడా.

అవనీంద్రనాథ్ పోలిక రూపం దగ్గరే నిలుస్తుంది. ఆవుముఖం పోలికనే తీసుకుంటే, పైన వెడల్పుగా మొదలై నడుము వైపు సన్నగిల్లే మొండెపు ఆకృతి ఒకే చూపులో మనసుకు అందుతుంది. లేత అరటిబోదె అనగానే గుండ్రదనం, నునుపు, లోపలి గట్టిదనం కలిసి స్ఫురిస్తాయి. తొండం అన్నప్పుడు పైన లావు, కింద సన్నం అన్న ఆకారంతోపాటు విరుపు లేకుండా వంగే స్వభావం కూడా తెలుస్తుంది. కంటికి ఒకటికి నాలుగైదు పోలికలు ఇవ్వడంలోని ఆంతర్యమూ ఇదే. చేప, కాటుకపిట్ట, లేడి ఆకారంలోనే కాక చలనంలోనూ భిన్నమైనవి. చంచలమైన చూపుకూ బెదురుచూపుకూ రెప్పలగీత ఒకటి కాదని ఆ పోలికలు నేర్పుతాయి. రూపాన్నీ దాని నడవడినీ ఒకేసారి గుర్తుంచుకునే పద్ధతిగా దీనిని గ్రహించాలి.

5. అనాటమీ పేర్లలోని పోలికలు

సాదృశ్యం భారతీయం, పరిచ్ఛేదం పాశ్చాత్యం అన్న విభజనకు బలమైన ప్రతివాదం అనాటమీ పరిభాషలోనే ఉంది. కండరాన్ని సూచించే ‘మజిల్’ అన్న మాటకు లాటిన్ మూలంలో చిట్టెలుక అని అర్థం. మెడ కింది ఎముక ‘క్లావికిల్’ అంటే చిన్న తాళంచెవి. కాలి ముందరి ఎముక ‘టిబియా’ అంటే పిల్లనగ్రోవి. పిక్కలోని పెద్ద కండరం ‘గాస్ట్రోక్నీమియస్’ అన్న గ్రీకు సమాసంలో కాలిపొట్ట అన్న భావం ఉంది. గుడ్లతో నిండిన చేపపొట్టను పిక్కకు పోల్చిన దృష్టీ, పిక్కలో పొట్టను చూసిన గ్రీకు దృష్టీ ఒక్కటే.

తెలుగు వాడుకమాటలు కూడా ఈ పనినే చేశాయి. మోకాలి ఎముకను తెలుగువారు ‘చిప్ప’ అన్నారు, లాటిన్‌వారు ‘పటెల్లా’ అంటే చిన్న పళ్ళెం అన్నారు, శిల్పసంప్రదాయం పీతడిప్ప అన్నది. వెన్ను ‘పూస’లో, కను‘గుడ్డు’లో పోలికలు దాగి ఉన్నాయి. తెలుగులో ‘కంటిపాప’ అయిన భాగాన్నే లాటిన్ చిన్న బొమ్మ అన్న అర్థమున్న మాటతో పిలిచింది. శరీరాన్ని కోసి చూసినవారికి కూడా చూసినదాన్ని గుర్తుంచుకోవడానికి పోలికే అవసరమైందని దీనివల్ల తేలుతుంది. కాబట్టి సాదృశ్యాన్ని అశాస్త్రీయమని తోసిపుచ్చడం ఎంత పొరపాటో, అది ఒక్క జాతి సొత్తని చాటడం అంత పొరపాటు.

6. పోలిక ఆగిపోయే చోటు

సాదృశ్యం బలం పైకి కనిపించే ఆకారంలో ఉంది. ఆ ఆకారం మారినప్పుడు, మారడానికి కారణం అడిగినప్పుడు దాని పరిమితి బయటపడుతుంది. ముంజేతిలో రెండు ఎముకలున్నాయి. అరచేయి పైకి ఉన్నప్పుడు అవి ఇంచుమించు పక్కపక్కన ఉంటాయి. అరచేతిని కిందికి తిప్పితే బొటనవేలి వైపు ఎముక రెండవదాని మీదుగా ఏటవాలుగా దాటుతుంది. ముంజేతి బయటిగీత మారేది అందువల్లనే. అరటిబోదెలో ఈ కదలిక లేదు. అలాగే పిక్క కండరానికి గల రెండు పాయలలో లోపలివైపుది బయటిదానికంటే కిందికి దిగి ఉంటుంది. చీలమండ దగ్గర మాత్రం లోపలి గుబ్బ పైన, బయటి గుబ్బ కింద ఉంటాయి. చేపపొట్ట ఉబ్బును చూపుతుంది కాని, ఈ ఎగుడుదిగుడును చూపదు. దీనిని ఒకసారి తెలుసుకున్న అభ్యాసకుడు ఏ కోణం నుండి చూసినా కాలును తప్పులేకుండా గీయగలడు.

పరిచ్ఛేదవిద్య ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబిస్తుంది, సాదృశ్యం ‘ఎలా ఉంది’ అన్నదానికి. రెండవ జవాబు లేని మొదటిది కండరాల పట్టికగా మిగులుతుంది. మొదటిది లేని రెండవది కొన్నాళ్ళకు మూసగా మారుతుంది. బెంగాల్ సంప్రదాయాన్ని అనుకరించిన చిత్రాలలో కనిపించే ఎముకలేని చేతులు, బరువు ఆనని పాదాలు ఈ రెండవ ప్రమాదానికి సాక్ష్యాలు. శాస్త్రనియమాలు పూజాప్రతిమలకే గాని కళాకారుని స్వేచ్ఛకు సంకెళ్ళు కావని అవనీంద్రనాథ్ స్పష్టంగానే చెప్పారు. ఆ హెచ్చరికను వదిలి జాబితాను మాత్రమే తీసుకోవడం అనుకర్తల దోషం.

7. ఏ శరీరం? 1943 చిత్రాలు

అయితే అనుకర్తలపై నెట్టివేయలేని లోపం ఒకటి పుస్తకంలోనే ఉంది. అందులోని దేహం యౌవనంలో ఉన్నది, పుష్టిగా ఉన్నది, శ్రమ ఎరగనిది. ముసలితనం, రోగం, ఆకలి దాని దరికి చేరవు. పరిచ్ఛేదవిద్య కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. ఇంగ్లండులో 1832 నాటి చట్టం ఎవరూ అడగని పేదల శవాలను పాఠానికి అప్పగించింది. ఆ పేదల దేహాలే పేరు లేకుండా ‘మానవశరీరం’ అన్న సామాన్యశీర్షిక కిందికి చేరాయి.

1943 కరువులో కలకత్తా వీధులకు చేరిన దేహాలు ఈ రెండు విద్యలనూ పరీక్షించాయి. కలకత్తా కళాపాఠశాలలోనే చదివి అక్కడే బోధించిన జైనుల్ ఆబెదిన్ చవకరకం కాగితంపై నల్లసిరాతో, కుంచెతో ఆ మనుషులను గీశారు. ఎక్కువగా స్వయంకృషితో చిత్రకళ నేర్చిన చిత్తప్రసాద్ మిద్నాపూర్ జిల్లాలో తిరిగి గీసిన చిత్రాలతో ‘హంగ్రీ బెంగాల్’ వెలువడింది. ప్రభుత్వం దాని ప్రతులను స్వాధీనం చేసుకొని తగులబెట్టించింది.

ఆకలికి కండ కరిగిన కాలిలో తొడకంటే మోకాలు వెడల్పుగా కనిపిస్తుంది. అరటిస్తంభం పోలిక అక్కడ తలకిందులవుతుంది. పీతడిప్ప మాత్రం మరింత స్పష్టమవుతుంది, ఎందుకంటే అది ఎముక ఆకారం. పక్కటెముకలు, మెడకింది ఎముకలు, తుంటి అంచు చర్మాన్ని తోసుకొని వస్తాయి. పరిచ్ఛేదగదిలో కత్తితో తెలుసుకునేదాన్ని ఆకలి వీధిలోనే బయటపెట్టింది. ఆ ఎముకల అమరిక తెలియని చేయి అక్కడ కేవలం జాలిని గీయగలదు, మనిషిని గీయలేదు. ఆబెదిన్ కుంచెగీతలు కొద్దివే అయినా ప్రతి గీతా ఒక ఎముక దగ్గర ఆగి తిరుగుతుంది. చిత్తప్రసాద్ కొన్ని చిత్రాలతోపాటు ఆ మనిషి పేరునూ ఊరునూ నమోదు చేశారు. తాలమానంలో జాతిగా, పరిచ్ఛేదంలో అనామకంగా మిగిలిన దేహానికి అక్కడ పేరు దక్కింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. అవనీంద్రనాథ్ సాదృశ్యాలు అలంకారాలు కావు, రూపబోధనకు పనికివచ్చే సాధనాలు. పోలికతో నేర్చుకోవడం అనాటమీ పరిభాషకూ, తెలుగు వాడుకమాటలకూ సమానధర్మం. కదలికకూ మార్పుకూ కారణం తెలియాలంటే ఎముకల, కండరాల జ్ఞానం తప్పనిసరి. ఏ విద్య అయినా ఎవరి శరీరాన్ని ఆధారంగా తీసుకున్నదో అడగకుండా దానిని సామాన్యసత్యంగా అంగీకరించరాదు. ప్రబంధాల అంగవర్ణనలను పాఠం చెప్పేటప్పుడు వాటి ఉపమానాలను శిల్పగ్రంథాల సాదృశ్యాలతో పక్కపక్కన ఉంచి చదివితే, అరిగిపోయినవిగా తోచిన మాటలలో రూపజ్ఞానం ఎంత మిగిలి ఉందో విద్యార్థులకు తెలుస్తుంది.

నిద్రిస్తున్నవానికీ మరణించినవానికీ భేదం చూపమన్న చిత్రసూత్రం పరీక్ష శాస్త్రకారుని ఊహాప్రశ్నగా కనిపించవచ్చు. 1943లో కలకత్తా కాలిబాట మీద పడి ఉన్న మనిషి ముందు నిలబడిన చిత్రకారునికి అదే మొదటి ప్రశ్న అయింది. దానికి కాగితం మీద జవాబు చెప్పడానికి పోలికా కావాలి, ఎముకా తెలియాలి.