రోటాన్‌కు రెండు సాక్ష్యాలు

ద్రవ హీలియం 2.17 కెల్విన్ల దిగువకు చల్లబడితే అతిద్రవంగా మారుతుంది; అతిసన్నని సందుల్లోంచి కూడా రాపిడి లేకుండా పారుతుంది. ఈ స్వభావానికి భౌతికశాస్త్రవేత్త లాండౌ 1941లో సిద్ధాంతం చెప్పాడు. అందులో కీలకం రోటాన్ అనే ఉద్దీపన. అది పుట్టాలంటే కనీసం 8.65 కెల్విన్లకు సమానమైన శక్తి కావాలి. న్యూట్రాన్లతో ఆ శక్తిని కొలిచారు. విద్యుదయస్కాంత తరంగాలతో వెతికిన ప్రయోగాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి: 1969లో అమెరికాలోని ఎంఐటీలో గ్రేటాక్, యాన్ చేసిన రామన్ పరిక్షేపణం, 2007లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి రిబాల్కో బృందం ప్రకటించిన మైక్రోవేవ్ శోషణ.

ఎంఐటీ ప్రయోగంలో లేజర్ కాంతిని హీలియంలోకి పంపి, చెదిరి వచ్చిన కాంతి ఎంత శక్తి పోగొట్టుకుందో చూశారు. పోయిన శక్తి దాదాపు రెండు రోటాన్లకు సరిపోయింది. కారణం స్పష్టం. రోటాన్ ద్రవ్యవేగం ముందు కాంతి ద్రవ్యవేగం చాలా స్వల్పం. ద్రవ్యవేగాలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉన్న జంట పుడితేనే ఆ లెక్క సరిపోతుంది. ఈ అవకాశాన్ని హేలీ సిద్ధాంతరీత్యా ముందే సూచించాడు. వర్ణపటంలోని శిఖరం రెండు రోటాన్ల శక్తికి కాస్త దిగువన కనిపించడంతో, ఆ జంట మధ్య స్వల్ప ఆకర్షణ ఉందన్న ఆలోచన కూడా బలపడింది.

ఈ రామన్ పరిక్షేపణ దారి హైదరాబాద్‌కు పరాయిది కాదు. నిజాం కళాశాలలో చదివి, రామన్ వద్ద పనిచేసి, తర్వాత ఉస్మానియా ఉపకులపతి అయిన సూరి భగవంతం పరిక్షేపణం మీద శ్రద్ధ పెట్టారు. రామన్ ప్రభావంపై ఆయన రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1940లో ప్రచురించింది.

ఖార్కివ్ వారు వేరే దారి పట్టారు. హీలియంలో ఒక డైఎలక్ట్రిక్ బిళ్లను ఉంచి, దాని అంచు వెంట మైక్రోవేవ్‌లను తిప్పారు. 180 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నని శోషణ రేఖ కనిపించింది. 8.65 కెల్విన్లను పౌనఃపున్యంలోకి మారిస్తే వచ్చే అంకె అదే. ఉష్ణోగ్రత మారితే ఆ రేఖ కూడా రోటాన్ శక్తి మారే తీరులోనే జరిగింది. అంటే ఇక్కడ పుట్టింది ఒంటరి రోటాన్. దాని ద్రవ్యవేగం ఆ మైక్రోవేవ్ ఫోటాన్ ద్రవ్యవేగానికి సుమారు 50 లక్షల రెట్లు. మిగతా ద్రవ్యవేగం ఎక్కడి నుంచి వచ్చింది? మొత్తం ద్రవం ఇచ్చిందా, బిళ్ల గోడ ఇచ్చిందా? పైగా హీలియం పరమాణువుకు సహజమైన విద్యుత్ ద్విధ్రువం లేదు. మరి తరంగం దాన్ని ఎలా తాకింది?

రెండింటినీ తూచి చూస్తే బలాలు వేరు. రామన్ ప్రయోగంలో శక్తి, ద్రవ్యవేగం రెండూ లెక్కకు వస్తాయి. కాంతే పరమాణువుల్లో ద్విధ్రువాలను ప్రేరేపిస్తుంది కనుక తాకిడికీ కారణం దొరుకుతుంది. అయితే ఒంటరి రోటాన్ గురించి అది నేరుగా ఏమీ చెప్పదు. మైక్రోవేవ్ ప్రయోగం ఆ ఒంటరి రోటాన్‌నే సూటిగా, సన్నని రేఖగా చూపుతుంది. కాని శక్తి లెక్క ఒక్కటే తేలి, ద్రవ్యవేగం లెక్క తేలకుండా మిగిలిపోయింది. నిరూపణగా మొదటిది గట్టిది, ప్రశ్నగా రెండోది పెద్దది. భౌతికశాస్త్రం ముందుకు నడవడానికి రెండూ అవసరమే.

ఇది హైదరాబాద్‌లో చెప్పడానికి కారణముంది. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా వైర్‌లెస్ చిప్‌ల మీద పనిచేసే ఇంజినీర్లు ఉన్నారు. వారి రంగం 100 గిగాహెర్ట్జ్‌కు పైబడిన తరంగాల వైపు చూస్తోంది. అదే గచ్చిబౌలిలో 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆ పక్కనే గోపన్‌పల్లిలో టాటా మౌలిక పరిశోధనా సంస్థ (టీఐఎఫ్‌ఆర్) ప్రాంగణం ఉన్నాయి. ఒకరి దగ్గర తరంగాల నైపుణ్యం, మరొకరి దగ్గర భౌతికశాస్త్రం. ఖార్కివ్ కొలతను స్వతంత్రంగా మళ్లీ చేసి, ఆ ద్రవ్యవేగం ఎవరి ఖాతాలో చేరిందో తేల్చే పనికి ఈ ఇరుగుపొరుగులు చేతులు కలపాలి.