‘వాల్డెన్’ – పొదుపు బోధ ఎవరికి?

మనిషి తన వాడకం తగ్గించుకొని భూమిమీద మోపే బరువు తగ్గించాలన్న మాట ఈనాడు సర్వత్రా వినబడుతోంది. ఆ మాటకు ప్రేరణ ఇచ్చిన గ్రంథాలలో ముందుగా చెప్పుకోదగినది హెన్రీ డేవిడ్ థోరో 1854లో ప్రకటించిన ‘వాల్డెన్’. దానిని మెచ్చుకొనేవారు తరచు నీతిగ్రంథంగా చదువుతారు. నేను దానిని సాహిత్యగ్రంథంగా చూడదలచాను. అంటే అందులో ఏ మనుషులు కనిపిస్తారు, వారిపట్ల రచయిత వైఖరి ఏమిటి అన్నవి నా ప్రశ్నలు.

1845 జూలై 4న థోరో, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డు ఊరికి దగ్గర వాల్డెన్ చెరువుగట్టున తాను కట్టుకొన్న చిన్న ఇంట్లో చేరాడు. 1847 సెప్టెంబరు దాకా అక్కడ ఒంటరిగా ఉన్నాడు. ఇంటికి అయిన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. మేకులకెంత, సున్నానికెంత అని పద్దు వ్రాసి పాఠకుడి ముందు పెట్టాడు. తిండికి వారానికి సుమారు 27 సెంట్లయిందనీ, ఏడాదికి ఆరు వారాలు పనిచేస్తే బ్రతుకు గడుస్తుందనీ లెక్క తేల్చాడు. ఏ వస్తువుకైనా మనం చెల్లించే అసలు ధర దానికోసం ధారపోసిన ఆయుష్షేనని అతని సిద్ధాంతం. ఆదర్శాలు వల్లించే రచయితలు కోకొల్లలు. ఆదర్శానికి పద్దు చూపినవాడు అరుదు. ఇది చదివినవాడు తన ఇంట్లోని సామానువంక ఒకసారి తేరిపార చూడక మానడు. ఈ ప్రేరణ నిజమైనది. దీనిని నేను తక్కువ చేయను.

అయితే ఆ పద్దు వెనక ఒక కుటుంబం ఉన్నది. ఇంటి పలకలకోసం థోరో జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ రైలుదారి కూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొన్నాడు. మర్నాడు తెల్లవారుజామున కాలిన్స్ భార్యాబిడ్డలతో, తమ సర్వస్వాన్నీ ఒక పెద్ద మూటగా కట్టుకొని, కోళ్ళతో సహా దారిలో ఎదురుపడ్డాడు. వాళ్ళు ఎక్కడికి పోతున్నారో పుస్తకం చెప్పదు. థోరో గుడిసె విప్పి, పలకలు ఎండబెట్టి, తన నిరాడంబర జీవితానికి గోడలు కట్టుకొన్నాడు. ఆ స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. ఒక మూటతో దారిన పడ్డ ఆ కుటుంబం భూమిమీద మోపిన బరువెంత? నిరాడంబరత్వానికి ఉదాహరణగా వాళ్ళెందుకు నిలవరు?

ఇంకొక ఘట్టం ఇంతకన్న ముఖ్యమైనది. వానకు తడుస్తూ థోరో జాన్ ఫీల్డ్ అనే మరొక ఐరిష్ కూలీ ఇంట తలదాచుకొన్నాడు. అతడు పక్క రైతు పొలంలో బురదనేల తవ్వి బాగుచేస్తాడు. కూలి ఎకరానికి 10 డాలర్లు. ఇల్లు కారుతున్నది, చుట్టూ పిల్లలు. అటువంటివానికి థోరో హితవు చెప్పాడు: టీ, కాఫీ, వెన్న, పాలు, మాంసం మానితే వాటికోసం ఇంత చాకిరీ అక్కరలేదట! హితవు చెప్పినవాడు ఒంటరివాడు, విన్నవాడు సంసారి. కూలిరేటు ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న అక్కడ పుట్టనే లేదు. ఉన్నవాడు వదులుకోవడం త్యాగం. లేనివాణ్ణి వదులుకొమ్మనడం వేరు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు పాతచీరలు కుట్టి బొంతలు చేసింది ఏ గ్రంథమో చదివి కాదు, దుప్పటి కొనలేక. లేమిని ఆదర్శంగా అలంకరించే రచన ఎంత అందంగా ఉన్నా ప్రజలపక్షాన నిలవదు.

పోనీ, ఒక్కడి సంయమనం ఆ చెరువునైనా కాపాడిందా? 1846–47 చలికాలంలో వందమంది ఐరిష్ కూలీలు వచ్చి చెరువుమీది మంచును దిమ్మలుగా కోశారు. ఈ నీళ్ళు మదరాసు, బొంబాయి, కలకత్తా వాసుల దాహం తీరుస్తాయని థోరో ఊహించుకొని సంబరపడ్డాడు. ఆ ఊహకు ఆధారం లేకపోలేదు. అమెరికా మంచు 1833లోనే కలకత్తా రేవుకు చేరింది. దానిని నిల్వచేయడానికి మదరాసు సముద్రతీరాన 1842లో కట్టిన ఐస్ హౌస్ నేటికీ వివేకానందుని పేరుతో నిలిచి ఉన్నది. గట్టున ఒకడు వారానికి 27 సెంట్లతో గడుపుతూ ఉండగా, అతని కళ్ళెదుటనే వ్యాపారం చెరువును కోసి బండికెత్తింది. చివరకు ఆ చెరువుకు రక్షణ దొరికింది 1922లో, చుట్టూ ఉన్న భూములను సొంతదారులు ప్రజలకోసం రాష్ట్రప్రభుత్వానికి అప్పగించినప్పుడు.

ఈ సంగతి ఈనాటి బోధకు కూడా వర్తిస్తుంది. మనిషి మనిషికీ ‘కర్బన పాదముద్ర’ లెక్కకట్టే సాధనాన్ని 2004లో జనంలోకి తెచ్చి ప్రచారం చేసింది బి.పి. అనే పెట్రోలు కంపెనీ! చమురు తవ్వేవాడు తన పద్దు పక్కన పెట్టి, మన వంటింటి పద్దు అడిగాడన్నమాట. 2015లో ఆక్స్‌ఫామ్ వేసిన అంచనా ప్రకారం, జనం వాడకంవల్ల వెలువడే కర్బనంలో సుమారు సగానికి ప్రపంచంలోని అత్యంత ధనికులైన పదిశాతం మంది కారకులు. పేదలైన సగం జనాభా వాటా సుమారు పదిశాతమే. ఈ తేడాను దాచి అందరికీ ఒకే హితవు చెప్పడం జాన్ ఫీల్డ్‌కు మళ్ళీ టీ మానమని చెప్పడమే.

అలాగని ‘వాల్డెన్’ను తోసివేయనక్కరలేదు. దాని లోపానికి మందు అందులోనే ఉన్నది. చెరువుగట్టున ఉన్న రోజుల్లోనే, 1846 జూలైలో, బానిసత్వాన్ని సమర్థించే ప్రభుత్వానికి పన్ను కట్టనని థోరో ఒక రాత్రి జైలులో గడిపాడు. ఆ అనుభవంనుంచి పుట్టి 1849లో అచ్చయిన వ్యాసం తరువాత గాంధీని కదిలించింది. అవసరాలు తగ్గించుకొన్నవాడు పోగొట్టుకొనేది తక్కువ గనుక ధిక్కరించగలడు. నిరాడంబరత్వానికి సామాజికమైన విలువ ఇక్కడ ఉన్నది. ఉన్నవాళ్ళు తమ వాడకం తగ్గించుకోవాలి, సందేహం లేదు. కాని ఆ తగ్గింపు వ్యక్తిగత పుణ్యంగా ఆగిపోకుండా, గనికి, మిల్లుకు, ప్రభుత్వానికి లెక్క అడిగే ధైర్యంగా మారాలి.

ప్రకృతిని గురించి వ్రాసే మన రచయితలను నేను కోరేది ఒకటే. చెరువును వర్ణించండి, తప్పులేదు. గట్టుమీద మూటతో పోతున్న కాలిన్స్ ఎక్కడికి పోతున్నాడో కూడా కనుక్కొని వ్రాయండి.