పల్లె పేరు, చెట్టు పేరు

ఊరి పేరు ఎలా వచ్చిందని అడిగితే మనవాళ్లు చరిత్ర చెప్పరు, కథ చెబుతారు. కథలంటే నాకూ ఇష్టమే. కాని కథను కథగా మెచ్చుకోవడం వేరు, సాక్ష్యంగా ఒప్పుకోవడం వేరు.

మదనపల్లెనే తీసుకోండి. మర్యాద రామన్న పేరు మీద వెలిసిన ఊరనీ, ఆ పేరే జనం నోళ్లలో నలిగి నలిగి మదనపల్లె అయిందనీ అంటారు. అంతటి ధర్మప్రభువు మన ఊరివాడంటే ఎవరికి చేదు? అయితే దగ్గర్లోనే నిమ్మనపల్లె ఉంది. రెండూ ఒకే అచ్చులో పోసినట్టున్న పేర్లు! మరి దానికి ఏ రామన్నను వెతుకుదాం? ఎవరో మదన్న, ఎవరో నిమ్మన్న నాలుగు గుడిసెలు వేసుకుని ఉంటారనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది.

పుంగనూరు మాటకొస్తే, పొట్టి ఆవుల పుణ్యమా అని ఆ పేరు దేశమంతా తెలుసు. తమిళంలో పుంగం అంటే కానుగ చెట్టు. చింతలపూడి, మర్రిపాడు ఉన్న మనకు చెట్టు పేరు ఊరికి పెట్టడం కొత్తేం కాదు. వ్యుత్పత్తి చెవికి ఇంపుగానే ఉంది. కాని ఇంపు ఒక్కటే చాలదు గదా! పాత శాసనాల్లో ఏ రూపం ఉందో చూడాలి, చుట్టుపక్కల పేర్లతో పోల్చాలి. కథకుడు కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే పరిశోధించి డాక్టరేటు పొందారు. పేర్లలో ఏముందని పెదవి విరిచేవారికి అదే జవాబు.

ఇక కుప్పం. తమిళులకు కుప్పమంటే చిన్న పల్లె. చెన్నపట్నంలో సముద్రం ఒడ్డున నొచ్చికుప్పం ఉంది. మనకేమో కుప్ప అంటే కళ్లంలో పోసిన రాశి. ఇళ్ల గుంపుకూ గింజల గుంపుకూ మూలం ఒకటే అయినా ఆశ్చర్యం లేదు. మరి ఈ పేరు అరవమా, తెలుగా? తగాదా పెట్టుకునేవారికి ఒక్క మాట. 1960లో సరిహద్దులు సర్దినప్పుడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. హద్దు రాయి కదిలింది గాని ఊరి పేరు కదల్లేదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని తెచ్చి కుప్పంలోనే పెట్టారంటే, మూడు భాషలు కలిసే ఆ నేలకు అది తగిన మర్యాదే.

రాజులు తమ పేర్లు శిలల మీద చెక్కించుకున్నారు. గుడిసె వేసినవాడికీ, చెట్టు నీడన ఎద్దుల్ని కట్టేసినవాడికీ మిగిలింది ఊరి పేరొక్కటే. దాన్ని కూడా తీసుకుపోయి ఏదో ఒక పురాణానికి రాసిచ్చేస్తే, వాడి ఆఖరి ఆస్తిని జప్తు చేసినట్టే గదండీ!