వైయాకరణుఁడును సారథియును

మహాభాష్యమున రెండవ యధ్యాయపు నాలుగవ పాదమునందు వైయాకరణునకును రథసారథికిని జరిగిన సంవాద మొకటి కలదు. ఈ రథమునకు 'ప్రవేత' యెవఁ డని వైయాకరణుఁ డడిగెను. 'ప్రాజిత'ను నేనే యని సారథి బదులు పలికెను. అది యపశబ్దమని వైయాకరణుఁ డాక్షేపించెను. సూత్రమువలనఁ బ్రాప్తించు రూపమునే నీ వెఱుఁగుదువు గాని యిష్టరూపము నెఱుఁగవని సారథి యెత్తిపొడిచెను. కినిసిన వైయాకరణుఁడు సూతశబ్దమును 'సు, ఉత' యని విడఁదీసి, 'దురుతుఁ' డని నిందింపఁబోయెను. అది వేఞ్ ధాతువునఁ బుట్టినది కాదనియు, సూధాతువునఁ బుట్టినదనియు, నిందింపఁదలఁచినచో 'దుఃసూతుఁ' డనవలయుననియు సారథియే దిద్దెను.

ఈ ఘట్టమునుఁ బలుమాఱు పాఠము చెప్పితిని. చెప్పినప్పుడెల్ల సారథి పక్షమున నిలిచి నవ్వితిని. ఆ వైయాకరణుఁడను నేనే యన్న తలఁపు మాత్ర మెన్నఁడునుఁ గలుగలేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1933లో వెలువరించిన 'ఆంధ్రపండితభిషక్కుల భాషాభేషజము'ను ఖండించు నుద్దేశముతోఁ జదువఁబూనినపు డది కలిగినది. గ్రాంథికమే వ్రాయవలయునని పట్టుపట్టిన పండితుల రచనలలోనే యా నియమములు తప్పిన చోటుల నం దాయన చూపిరి. ప్రతి యుదాహరణము ప్రక్కను నేను సమాధానము వ్రాయఁదొడఁగితిని: ఇది ముద్రాదోషము, ఇది పరాకు, ఇది కవిప్రయోగసమ్మతము. కొన్ని పుటలు నడచిన పిదపఁ దోఁచినది: ఇవే తప్పులు విద్యార్థి చేసిన నేను 'అజ్ఞాన' మని వ్రాయుదును గదా! నా పాత వ్యాస మొకటి తీసి చూచితిని. ద్రుతముమీఁది పరుషమునకు సరళము రావలయునన్న ప్రథమపాఠము మఱచి 'గ్రంథమును పరీక్షించి' యని వ్రాసియుంటిని; 'గ్రంథమునుఁ బరీక్షించి' యని యుండవలయును. ఆ తప్పునకే వ్యాకరణపరీక్షలో విద్యార్థులకు మార్కులు తగ్గించినవాఁడను నేనే.

దీనివలన గ్రాంథికము త్యాజ్యమని తేలదు. ఆచరించువాఁడు తప్పినంతమాత్రమున నియమము తప్పు గాదు. పంతులుగారి పుస్తకము నంతదూరము లాగుట యన్యాయము. కాని, యావజ్జీవము పరిశ్రమించినవారికే పట్టుపడని భాషలో బాలురచే వ్రాయింపవచ్చునా యన్న ప్రశ్నకు మేము సమాధానము చెప్పలేదు. ప్రశ్నించినవానిని మాత్రము నిందించితిమి; 'దురుతుఁ' డంటిమి.

గెలిచిన పక్షమునకు నిదే న్యాయము. 1911లో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు మున్నగువారు, పలుకుబడి దేశభేదమున మాఱును గాన గ్రంథముల కుమ్మడిభాష వలయునని వాదించిరి. శిష్టవ్యావహారికమే యా యుమ్మడిభాష యని ప్రతివాదులు బదులు చెప్పిరి. నేఁడు వార్తాపత్రికలు, పాఠ్యపుస్తకములు వ్యావహారికముననే యున్నవి. ఐనను శిష్టు లెవ్వరు, తెలంగాణము, రాయలసీమల పలుకున కందుఁ జోటెంత యన్న జిజ్ఞాస తీఱలేదు. కావున రామయ్య పంతులుగారి యాక్షేపమును నవ్వి త్రోయరాదు.

పతంజలి కాత్యాయనుని యాక్షేపములను సమగ్రముగా వినిపించెను. కొన్నిచోట్లఁ బాణినిని సమర్థించెను. కొన్నిచోట్లఁ బాణినిసూత్రమునే ప్రత్యాఖ్యానము చేసెను. ప్రతివాది 'ఇది నా వాదమే' యని యొప్పుకొనునట్లు పూర్వపక్షము వ్రాయలేనివాఁడు సిద్ధాంతమున కధికారి గాఁడు.

నేను గ్రాంథికమును విడువలేదు. ఈ వ్యాసమే సాక్షి. కాని ప్రతివాది గ్రంథమునుఁ జదువునపుడు ప్రక్కను సమాధానము వ్రాయుట మానితిని. ఆయన చూపిన దోషమును మొదట నా వ్రాఁతలో వెదకుచున్నాను. ఇందును దోషములు దొరకినచోఁ జదువరులు దిద్దుదురు గాక.