ఉక్కు మీది లెక్కలు: జపాన్ సైనిక పిస్టళ్ల సేకరణ

1945 ఆగస్టులో లొంగుబాటు ఖాయమైన రోజుల్లో జపాన్ సైన్యం తన కాగితాలను తానే కుప్పలు పోసి తగలబెట్టింది. ఏ ఆయుధశాలలో ఎన్ని పిస్టళ్లు తయారయ్యాయి, ఏ మార్పు ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్న వివరాల్లో చాలా భాగం ఆ మంటల్లో పోయింది. పిస్టళ్లు మాత్రం పోలేదు. పసిఫిక్ దీవుల్లో, ఫిలిప్పీన్స్‌లో, బర్మాలో, చైనాలో చనిపోయిన వాళ్ల నుంచి, లొంగిపోయిన వాళ్ల నుంచి గెలిచిన సైనికుల చేతికి వచ్చి, వాళ్ల సామాన్లతో పాటు ఓడలెక్కి, ఎక్కువగా అమెరికా ఇళ్లకు చేరాయి. ఈ ఆయుధాల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా, వాటి మీద గుద్దిన అంకెలను దశాబ్దాల తరబడి ఓపిగ్గా రాసుకున్న సేకర్తలు కూడబెట్టినదే. సేకరణ అంటే కొని దాచుకోవడం అనుకునేవాళ్లకు ఈ రంగం చూపించాలనిపిస్తుంది. ఇక్కడ సేకర్త చేసేది చరిత్రకారుడి పని.

కథలో ముఖ్యుడు కిజిరో నంబు. 1869లో పుట్టిన ఈ సైనికాధికారి ఆయుధాల రూపకల్పనలో జీవితమంతా గడిపి, లెఫ్టినెంట్ జనరల్ హోదాలో రిటైరై, 1927లో సొంత కంపెనీ పెట్టాడు. 1902 నాటి ఆయన మొదటి సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌కు అమెరికన్ సేకర్తలు ‘గ్రాండ్‌పా’ అని, దాన్ని మెరుగుపరిచిన రకానికి ‘పాపా’ అని, చిన్న 7 మిల్లీమీటర్ల రకానికి ‘బేబీ’ అని ముద్దుపేర్లు పెట్టుకున్నారు. గ్రాండ్‌పా సుమారు 2,400, బేబీ సుమారు 6,500 మాత్రమే తయారయ్యాయి. గ్రాండ్‌పాను గుర్తుపట్టాలంటే మ్యాగజైన్ అడుగు చూడాలి. అక్కడ చెక్క ముక్క ఉంటుంది. పాపాకు వచ్చేసరికి అది అల్యూమినియం అయింది. వీటికంటే ముందు, 1893లో, సైన్యం టైప్ 26 రివాల్వర్‌ను తీసుకుంది. దాని సిలిండర్‌ను పట్టి ఉంచే మర ట్రిగ్గర్ నొక్కినప్పుడే పని చేస్తుంది. మిగతా సమయంలో సిలిండర్ స్వేచ్ఛగా తిరిగిపోతుంది కాబట్టి, పేల్చేసిన గుల్లే మళ్లీ సుత్తి కిందికి వచ్చే ప్రమాదం ఉంది.

సేకరణకు కొత్తగా వచ్చేవాళ్లు టైప్ 14తోనే మొదలుపెట్టాలని నా సలహా. పాపాలోని ఖరీదైన పనితనాన్ని తగ్గించి, తయారీని సులభం చేసి, 1925లో తెచ్చిన పిస్టల్ ఇది. యుద్ధం ముగిసేలోపు సుమారు రెండు లక్షల ఎనభై వేలు తయారయ్యాయి. అందుకే ఈనాటికీ దొరుకుతుంది. ఇంకో కారణం, ఇంత స్పష్టంగా చదివించే పిస్టల్ మరొకటి లేదు.

పేర్లలోనే తేదీ ఉంది. మేజీ చక్రవర్తి పాలనలో 26వ ఏడు 1893, తైషో చక్రవర్తి పాలనలో 14వ ఏడు 1925. ఇక ఆ తర్వాత వచ్చిన టైప్ 94 పిస్టల్ దగ్గర లెక్క మారింది. జపాన్ తొలి చక్రవర్తి నుంచి లెక్కించే 2594వ సంవత్సరం, అంటే 1934. ఇప్పుడు ఒక టైప్ 14ను చేతిలోకి తీసుకుని కుడివైపు తిప్పి చూడండి. వెనకభాగంలో ఫ్యాక్టరీ గుర్తు, సీరియల్ నంబరు, వాటి దగ్గరే ఒక చైనా అక్షరం, పక్కన చుక్కతో విడదీసిన రెండు అంకెలు కనిపిస్తాయి. ఆ అక్షరం తైషో తర్వాతి షోవా చక్రవర్తి పాలనకు గుర్తు. 14.5 అని ఉంటే షోవా 14వ ఏడు, ఐదో నెల. షోవా సంవత్సరానికి 1925 కలిపితే మన లెక్క వస్తుంది కాబట్టి అది 1939 మే. నాలుగు వలయాలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటే టోక్యో ఆయుధశాల. ఫిరంగి గుళ్ల కుప్పను పైనుంచి చూసినట్టుంటుంది ఆ గుర్తు. నగోయా ఆయుధశాలదీ, నంబు కంపెనీదీ వేరే గుర్తులు. ఇంత చదివాక, లోపలి భాగాల మీద చిన్నగా గుద్దిన మూడేసి అంకెలు సీరియల్ నంబరు చివరి అంకెలతో కలుస్తున్నాయో లేదో చూడాలి. అన్నీ కలిస్తే ఆ పిస్టల్ ఫ్యాక్టరీ గడప దాటినప్పటి భాగాలతోనే ఉందని అర్థం. ధరలో పెద్ద తేడా తెచ్చేది ఇదే.

తేదీలను వరసగా పేర్చుకుంటూ పోతే పిస్టల్‌లో మార్పులు కళ్లకు కడతాయి. మంచూరియా చలిలో చేతి తొడుగు వేసుకున్న వేలు ట్రిగ్గర్ గార్డులో పట్టదు. అందుకే 1939 చివర్లో గార్డును పెద్దది చేశారు. అల్యూషియన్ దీవుల్లోని కిస్కా పేరు మీద సేకర్తలు దీన్ని కిస్కా గార్డు అంటారు. ఆ తర్వాత మ్యాగజైన్ జారిపోకుండా పిడి ముందువైపు స్ప్రింగ్ పెట్టారు. తొలి సంవత్సరాల పిస్టళ్లలో ట్రిగ్గర్, సేఫ్టీ మీట లేత గడ్డిరంగులో మెరుస్తుంటాయి. ఉక్కును కొలతగా వేడిచేసి తెప్పించిన రంగు అది. యుద్ధం ముదిరేకొద్దీ ఆ రంగు పోయి అన్నీ నల్లబడ్డాయి. ఉక్కు మీద యంత్రపు గీతలు అలాగే మిగిలాయి. గాళ్లు పెట్టిన చెక్క పిడులు నున్నటి పలకలయ్యాయి. తోలు ఒర బదులు రబ్బరు పూత పూసిన గుడ్డ ఒరలు వచ్చాయి. 1930ల నాటిదీ 1945 నాటిదీ రెండు పిస్టళ్లు పక్కపక్కన పెట్టుకుంటే, ఒక దేశపు కార్ఖానాలు బాంబుల కింద ఎలా కుంగిపోయాయో ఏ పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది. ఈ మార్పులను నంబర్లవారీగా తేల్చిన పరిశోధకుల్లో హ్యారీ డెర్బీ ముందుంటాడు. జేమ్స్ బ్రౌన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం ఈ రంగంలో అందరికీ ఆధారం.

టైప్ 94 గురించి తక్కువ చెబుతాను. ట్యాంకు సిబ్బందికీ విమాన సిబ్బందికీ పనికొచ్చేలా చిన్నగా చేసిన ఈ పిస్టల్‌లో ఎడమవైపు బయటికి కనిపించే పట్టీ ఒకటుంది. పిస్టల్ ఎక్కుపెట్టి ఉండి, సేఫ్టీ తీసి ఉంటే, ట్రిగ్గర్ తాకకుండా ఆ పట్టీ నొక్కినా పేలుతుంది. దీన్ని ‘ఆత్మహత్య పిస్టల్’ అన్నారు. లొంగిపోతున్నట్టు నటించి కాల్చడానికే అలా చేశారన్న కథ కూడా పుట్టింది. ఆ కథ నేను నమ్మను. రూపకల్పనలో దొర్లిన లోపాన్ని కుట్రగా మార్చేసిన యుద్ధకాలపు పుకారు అది.

ఇక పేల్చడం. అరుదైన వస్తువును పేల్చడం తప్పని చాలామంది సేకర్తలు గట్టిగా అంటారు. నంబర్లన్నీ కలిసిన తొలినాటి పిస్టళ్ల విషయంలో నేనూ అదే అంటాను. కానీ భాగాలు కలగాపులగమైన టైప్ 14లు బోలెడున్నాయి. వాటిని జాగ్రత్తగా పేల్చితే తప్ప బోధపడని సంగతులు ఈ పిస్టల్‌లో ఉన్నాయి.

జాగ్రత్త అన్నది మాటవరసకు కాదు. మొదట పిస్టల్‌ను పూర్తిగా విప్పాలి. కాల్పు సమయంలో బోల్టును బ్యారెల్‌తో బిగించి ఉంచే చిన్న ఉక్కు దిమ్మ లోపల ఉందో లేదో చూడాలి. విప్పి మళ్లీ కూర్చినవాళ్లు ఆ దిమ్మను పోగొట్టిన పిస్టళ్లు ఉన్నాయి. అది లేకపోయినా పిస్టల్ పేలుతుంది, పేల్చేవాడికి ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఫైరింగ్ పిన్ తరచూ విరిగేది కాబట్టే సైనికుడి ఒరలో అదనపు పిన్ను పెట్టుకోవడానికి చోటు ఉండేది. బలహీనపడ్డ పాత స్ప్రింగులు తీసి కొత్తవి వేయాలి. అప్పటి తూటాల ప్రైమర్లు తుప్పు తెచ్చేవి కాబట్టి బ్యారెల్ లోపల గుంటలు పడి ఉండొచ్చు, అదీ చూడాలి. అనుమానం ఏ కొంచెం ఉన్నా తెలిసిన గన్‌స్మిత్‌కు చూపించాకే రేంజ్‌కు తీసుకెళ్లాలి. మొదటిసారి మ్యాగజైన్‌లో రెండు తూటాలకు మించి పెట్టకూడదు.

8 మిల్లీమీటర్ల నంబు తూటా మెడ దగ్గర సన్నబడే సీసా ఆకారంలో ఉంటుంది. గుండు బరువు ఆరున్నర గ్రాముల చుట్టూ, వేగం సెకనుకు సుమారు 300 మీటర్లు. 9 మిల్లీమీటర్ల పారాబెల్లమ్ ముందు ఇది బలహీనమే. ఇప్పుడు ఈ తూటాలు దుకాణాల్లో అంత తేలిగ్గా దొరకవు. అందుకే చేతితో తూటాలు నింపుకునే అలవాటున్నవాళ్లు వేరే తూటాల గుల్లలను కోసి, అచ్చుల్లో నొక్కి, ఈ ఆకారానికి తెచ్చుకుంటారు. ఆ పనిలో కొలత, ఓపిక రెండూ కావాలి. యుద్ధకాలపు అసలు తూటాలను మాత్రం పేల్చకండి. అవీ సేకరించదగ్గవే, పైగా వాటిని నమ్మడానికి లేదు.

అన్నీ సరిగ్గా కుదిరాక టైప్ 14 చేతిలో ఆశ్చర్యపరుస్తుంది. సన్నటి పిడి, వెనక్కి వాలిన కోణం, మెత్తటి తన్ను. గురి ఇట్టే కుదురుతుంది. చిక్కంతా ఆఖరి తూటా తర్వాత మొదలవుతుంది. ఈ పిస్టల్‌లో బోల్టును వెనక ఆపి ఉంచే ప్రత్యేకమైన మర లేదు. ఖాళీ మ్యాగజైన్ లోపలి పలకే అడ్డుపడి ఆపుతుంది. కాబట్టి బోల్టు స్ప్రింగుల ఒత్తిడంతా మ్యాగజైన్ మీదే. గుండీ నొక్కి, రెండో చేత్తో గట్టిగా లాగితే గానీ మ్యాగజైన్ ఊడదు. ఊడగానే బోల్టు ముందుకు మూసుకుపోతుంది. కొత్త మ్యాగజైన్ పెట్టాక వెనకనున్న గుండ్రటి పిడి పట్టి మళ్లీ లాగాలి. సేఫ్టీ మీట అర్ధచక్రం తిరగాలి, దానికీ రెండో చెయ్యే కావాలి. ప్రశాంతమైన రేంజ్‌లోనే ఇంత తడబాటు ఉంటే, చెమట పట్టిన చేతులతో, ఎదురుకాల్పుల మధ్య ఆ సైనికుడి అవస్థ ఎంతటిదో మన వేళ్లకే తెలిసొస్తుంది. బీరువాలో పెట్టి చూస్తే ఇది తెలియదు.

ఈ పిస్టళ్లు పనికిరానివని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. 1945లో విలియం రూగర్ అనే అమెరికన్, యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక మెరీన్ సైనికుడి దగ్గర బేబీ నంబు కొని, దాన్ని చూసి తన గ్యారేజీలో రెండు నకళ్లు చేశాడు. వెనకనుంచి బోల్టును లాగే ఆ పద్ధతి 1949లో ఆయన కంపెనీ తెచ్చిన .22 పిస్టల్‌లో కనిపించింది. ఆ పిస్టల్‌తోనే ఆయన కంపెనీ నిలదొక్కుకుంది.

వీటిని సేకరించేటప్పుడు మరవకూడనిది ఒకటుంది. ఒక్కో పిస్టల్ ఎవరి నడుం నుంచో వచ్చింది. ఆ సైన్యం ఆసియా అంతటా ప్రజలను చిత్రహింసలు పెట్టింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు కురిపించినవి ఆ సామ్రాజ్యపు విమానాలే. అందుకే పిస్టల్‌తో పాటు దాని కథను కూడా భద్రపరచాలి. కొందరు అమెరికన్ సైనికులు స్వాధీనం చేసుకున్న ఆయుధాన్ని ఇంటికి తీసుకెళ్లడానికి అధికారి సంతకంతో కాగితం తెచ్చుకున్నారు. ఆ కాగితం పిస్టల్‌తో కలిసే ఉంటే సేకర్తలు కళ్లకద్దుకుంటారు. పాతబడ్డ ఉక్కుకు కొత్త నలుపు పూయించడం మాత్రం ఘోరమైన తప్పు. పాలిష్ చక్రం కింద అంకెల అంచులు అరిగిపోతాయి. కాగితాలు కాలిపోయాక మిగిలిన ఏకైక రికార్డును మన చేత్తో మనమే చెరిపినట్టవుతుంది.

జపాన్‌లో 1958 నాటి చట్టం కారణంగా మామూలు పౌరులకు పిస్టళ్లు ఉంచుకునే వీలు దాదాపు లేదు. మన దేశంలో 1959 ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ మనిషికి రెండు ఆయుధాల పరిమితి పెట్టింది. ఏది ఉంచుకోవాలన్నా లైసెన్స్ తప్పనిసరి. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం, యాభై ఏళ్లు దాటిన ఆయుధాల కోసం అక్కడి ప్రభుత్వం ఇచ్చే సేకర్తల లైసెన్స్ గురించి ముందుగా తెలుసుకోవాలి. రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. కొన్న ప్రతి పిస్టల్ వివరాలూ పుస్తకంలో నమోదు చేయడం ఆ లైసెన్స్ షరతుల్లో ఒకటి. ఆ పుస్తకంలోనే సీరియల్ నంబరు పక్కన తేదీ, ఫ్యాక్టరీ గుర్తు, కలిసిన భాగాలు, కలవని భాగాలు కూడా రాసిపెట్టండి. తర్వాతి పరిశోధకుడికి కావాల్సింది ఆ వరసలే.