కదిలే ఇంటి కప్పు

నవంబరు వచ్చిందంటే ఖతర్‌లోని అల్ రయ్యాన్ నుంచి నైరుతికి సాగే సల్వా రోడ్డు మీద కారవాన్ల వరస మొదలవుతుంది. కొన్ని పికప్పుల వెనక కొక్కేనికి తగిలించుకుని వస్తాయి, పెద్దవి ట్రాలీల మీద ఎక్కి వస్తాయి. ఎడారిలో ప్రభుత్వం అనుమతించిన చోట్ల, ఎవరికి కేటాయించిన జాగాలో వాళ్లు నిలుపుకుంటారు. గురువారం సాయంత్రం కుటుంబమంతా వెళ్తుంది, శనివారం రాత్రికి తిరిగి ఊళ్లో ఉంటుంది. చలికాలం పొడవునా ఇదే తంతు. ఏప్రిల్ వెళ్లేలోగా అన్నీ ఎత్తేయాలి.

ఎత్తేసిన కారవాన్ ఏమవుతుందన్నదే ఈ వ్యాసం విషయం. చాలామంది దాన్ని ప్రహరీ పక్కనో ఖాళీ జాగాలోనో పెట్టి తాళం వేస్తారు. మళ్లీ అక్టోబరులో తలుపు తీసి, కప్పు మీద ఇంత సిలికాన్ పూయించి, రంగు కొట్టించి తీసుకుపోతారు. కారవాన్‌కు ముప్పు వాన వల్ల అనుకోవడంతో వచ్చే పొరపాటిది. ఖతర్‌లో ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 75 మిల్లీమీటర్లు. వాన లోపలికి రావడానికి దారి వేసేది వేసవి. 2010 జులైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలో నాలుగు నెలలు నిలబడ్డ కప్పు మీద ప్రతి అతుకూ కదులుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒక్కరోజు వాన విరుచుకుపడుతుంది. 2018 అక్టోబరు 20న అలాగే అయింది: దోహా చుట్టుపక్కల దాదాపు ఏడాది వానంతా ఒక్కరోజులోనే కురిసింది. కాబట్టి బాగుచేసే పని సీజన్ ముందు కాదు, సీజన్ ముగిసిన మర్నాడే మొదలుకావాలి. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఈ ఎడారిలో కదిలే ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు తరతరాలుగా చేసిన పని ఇదే.

వాళ్ల ఇల్లు బైత్ అల్ షార్, మేక బొచ్చుతో నేసిన నల్లటి గుడారం. 1959లో డెన్మార్క్ నుంచి వచ్చిన క్లౌస్ ఫెర్డినాండ్ అనే మానవశాస్త్రవేత్త, జెట్టె బాంగ్ అనే ఫొటోగ్రాఫరు ఖతర్ ఉత్తరాన అల్ నయీం తెగవాళ్ల మధ్య, దక్షిణాన అల్ ముర్రా తెగవాళ్ల మధ్య ఉండి వాళ్ల బతుకును నమోదు చేశారు. చమురు డబ్బు అప్పటికే వస్తోంది, గుడారాల కాలం ముగింపుకొస్తోంది. ఆ కృషి 1993లో పుస్తకంగా వచ్చింది. ఆ గుడారం ఆకారాన్నే పెద్దది చేసి అల్ ఖోర్‌లో అల్ బైత్ స్టేడియం కట్టారు. 2022 ప్రపంచ కప్ మొదటి మ్యాచ్ అక్కడే జరిగింది. ఆకారం అందరికీ తెలిసింది, పనితనం మాత్రం తెలియలేదు. మనకు కావలసింది ఆ పనితనమే.

గుడారం కప్పు ఒకే గుడ్డ కాదు. రెండు మూడు జానల వెడల్పున్న పొడవాటి పట్టీలను పక్కపక్కన పెట్టి కుట్టినది. వాటిని నేసేది ఆడవాళ్లు. నేల మీద నాలుగు గూటాలు దిగ్గొట్టి, వాటి మధ్య పడుగు సాగదీస్తే మగ్గం తయారు. మకాం మారాల్సి వస్తే గూటాలు పీకి, నేసినంత మేరా చుట్టి ఒంటె మీద వేసుకోవచ్చు. కదురు చేతిలో తిప్పుకుంటూ నడకలోనే దారం తీసేవాళ్లు. పేకను దగ్గరగా నొక్కడానికి జింక కొమ్ము వాడేవాళ్లు. పడుగు దారాలే పైకి కనపడేటంత గట్టి నేత అది. ఇదే నేత రంగులద్దుకుని గుడారం మధ్య తెరగా, ఒంటె మీద జీనుగా మారితే సదూ అంటారు. యునెస్కో 2011లో ఎమిరేట్స్ సదూను తక్షణం కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో పెట్టింది. 2020లో సౌదీ అరేబియా, కువైట్‌ల సదూకు కూడా గుర్తింపునిచ్చింది.

ఎండ కాసేటప్పుడు ఈ కప్పు కింద నిలబడి పైకి చూస్తే సన్నటి వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. నేతలో సందులున్నాయన్నమాట. కింద వేడెక్కిన గాలి ఆ సందుల్లోంచే పైకి పోతుంది. వాన పడితే బొచ్చు తడిసి ఉబ్బుతుంది, సందులు మూసుకుంటాయి. మేక బొచ్చుకు స్వతహాగా ఉన్న జిడ్డు నీటిని నిలవనీయదు, వాలు వెంట జార్చేస్తుంది. తొలి జల్లుకు కొన్ని చుక్కలు రాలినా కాసేపటికి కప్పు బిగుసుకుంటుంది. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కురుమలు నల్ల గొర్రె ఉన్నితో నేసి, పడుగుకు చింతగింజల గంజి పట్టించిన గొంగడిని తలమీదుగా కప్పుకుని వానలో మంద వెంట నిలబడే కాపరి ఒంటికి తడి తగలనట్టే ఈ గుడారంలో మనిషికీ తగలదు.

ఇక్కడ దగ్గరగా చూడవలసినది కుట్టు. పట్టీలను కలిపిన కుట్టు మీద బరువు పడితే కప్పు చిరిగిపోతుంది. అందుకని పట్టీలకు అడ్డంగా, కప్పు లోపలి వైపు, గట్టిగా నేసిన ఇరుకు పట్టెడలు కుడతారు. నడిమి గుంజలు ఆనేదీ, లాగి కట్టే మోకులు ముడిపడేదీ ఆ పట్టెడలకే. వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి ఎంత గుంజినా లాగుడంతా పట్టెడ తీసుకుంటుంది, కుట్టు మాత్రం నీరు కారకుండా చూసుకుంటుంది. బరువు మోసే పనీ తడి ఆపే పనీ వేరుచేయడం ఎంత పెద్ద తెలివో, కారవాన్ కప్పెక్కి పగిలిన అతుకులు చూసినప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది.

మరమ్మతుకూ ఒక పద్ధతుంది. కప్పు నడిమి పట్టీలు ఎండకూ గుంజల రాపిడికీ ముందు అరుగుతాయి. వసంతంలో మేకల బొచ్చు కత్తిరించి, బావుల దగ్గర మకాం నిలిచిపోయే వేసవి నెలల్లో వడికి, కొత్త పట్టీ నేసి నడుమ వేస్తారు. పాత పట్టీ అంచుకు జరుగుతుంది. ఇంకా పాతబడ్డది పక్క గోడకు దిగుతుంది. ఇల్లంతా ఒకేసారి పాతబడదు, ఒకేసారి కొత్తదీ కాదు. వస్మ్ అని పిలిచే తొలి వానల కాలం అక్టోబరు నడుమ మొదలయ్యేసరికి కప్పు సిద్ధంగా ఉండేది.

ఇప్పుడు కారవాన్ దగ్గరికొద్దాం. దీని పుట్టుక వేరు. స్కాట్లాండ్‌కు చెందిన గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు, రచయిత విహారం కోసమే 1885లో గుర్రపు బండి ఇల్లు ఒకటి చేయించుకున్నాడు. మెరిసే అల్యూమినియం ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ 1936లో అమెరికాలో వచ్చింది. చల్లటి, తడి దేశాల్లో ఎదిగిన ఈ పెట్టె ఎడారికి అలాగే వచ్చేసింది. గుడారం ఊపిరి తీస్తుంది, ఇది తీయదు. అందుకే దీని ప్రాణమంతా అతుకుల్లోనే.

లెక్క చూడండి. అల్యూమినియం డిగ్రీ వేడికి మీటరు పొడవున 0.023 మిల్లీమీటరు సాగుతుంది. ఆరు మీటర్ల కప్పు జులైలో తెల్లవారుజామున 33 డిగ్రీల దగ్గర, మిట్టమధ్యాహ్నం 70 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, ఒక్క పగటిలో 5 మిల్లీమీటర్లు సాగి రాత్రికి మళ్లీ కుంచించుకుంటుంది. కింద ఉన్న చెక్క చట్రం అంత సాగదు. రెండింటి మధ్య అతుకును మూసే సీలెంట్ రోజూ ఆ తేడాను భరించాలి. సాగే గుణం ఉన్నన్నాళ్లూ భరిస్తుంది. ఎండకు గట్టిపడ్డాక అంచు వెంట వెంట్రుకంత సందు విడుతుంది. ఆ సందులోంచి ముందు లోపలికి పోయేది నీరు కాదు, ఆగస్టు, సెప్టెంబరు నెలల ఉక్కగాలి. చెక్కలో చెమ్మ చేరి, ప్లైవుడ్ పొరలు విడిపోవడం మొదలవుతుంది. అక్టోబరులో పైన రంగు వేస్తే జబ్బు కప్పబడుతుందంతే.

కాబట్టి మేలో తెల్లవారుజామునే నిచ్చెన వేయాలి. ఎండెక్కాక రేకు మీద సీలెంట్ పైపైన తోలు కట్టి లోపల బుడగలు పడుతుంది. ముందు చూడవలసింది గాలి కోసం కప్పులో పెట్టిన కిటికీ. నూటికి తొంభై పాళ్లు ఇబ్బంది దాని చట్రం దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం. పాత సీలెంట్ మీదే కొత్తది పూయడం అందరూ చేసే పని, దాంతో ఒరిగేదేమీ ఉండదు. స్క్రూలన్నీ తీసి, చట్రాన్ని నిదానంగా పైకి లేపాలి. పాతదాన్ని ప్లాస్టిక్ గరిటెతో గీకాలి. ఇనుప బ్లేడు పెడితే రేకు మీద గాట్లు పడతాయి. రేకు కప్పయితే ఆల్కహాల్ తడిపిన గుడ్డతో జిడ్డు, ఇసుక తుడిచేయాలి. రబ్బరు కప్పయితే సబ్బునీళ్లే మేలు, పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానీయకూడదు. ఇప్పుడు చట్రం కింద చుట్టూ బ్యూటైల్ టేపు వేయాలి. మైనంలా మెత్తగా, జిగటగా ఉండే పట్టీ అది, చాలా ఏళ్ల పాటు గట్టిపడదు. చట్రాన్ని దాని మీద కూర్చోబెట్టి, స్క్రూలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ పోతే, అంచు వెంట టేపు సన్నగా ఉబికి వస్తుంది. చుట్టూ ఒకే తీరుగా ఉబికితే అతుకు కుదిరినట్టు. ఒక ఎండ తగలనిచ్చి మర్నాడు ఉదయం మళ్లీ బిగించాలి, ఎందుకంటే వేడికి టేపు కాస్త అణుగుతుంది. ఉబికినది కోసేసి, అప్పుడు స్క్రూ తలల మీదా అంచు మీదా కప్పులకని చేసిన సీలెంట్ పోయాలి. చదును చోట దానంతట అది పరుచుకునే రకం, నిలువు గోడకు జారని రకం.

బిగింపు స్క్రూది, తడి ఆపడం టేపుది, టేపును ఎండ నుంచి కాయడం పైపూతది. గుడారం పట్టెడకూ కుట్టుకూ పంచిన పనే ఇక్కడ మూడు చేతులకు పంచాం.

చాలామంది అక్టోబరులో పూయించే సిలికాన్ మాత్రం ఇక్కడ వద్దు, ఎందుకంటే ఒకసారి పూశాక దాని మీద ఇంకేదీ సరిగా అంటదు, రంగు అంటదు, మరో సిలికానూ అంటదు. తర్వాత బాగుచేసేవాడికి అది శిక్ష. పుల్లటి వాసన వేసే రకమైతే లోహానికి కూడా మంచిది కాదు.

కిటికీల దగ్గర తిరకాసు ఒకటుంది. చట్రం అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. లోపలికి వచ్చిన నీరు బయటికి పోవడానికి పెట్టినవి అవి. సీజన్ అయ్యేసరికి ఇసుకతో పూడిపోతాయి. కారుతోంది కదా అని కొందరు వాటిని కూడా సీలెంట్‌తో మూసేస్తారు. అప్పుడు నీరు చట్రంలో నిలిచి గోడలోకి దిగుతుంది. చీపురు పుల్లతో ఇసుక తీసి, నీళ్లు పోసి, ధార బయటికి వస్తోందో లేదో చూడాలి. తలుపులకూ కిటికీలకూ ఉన్న రబ్బరు అంచులకు సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే ఎండకు అంటుకుపోవు, పగలవు.

పని సరిగా అయిందో లేదో తేల్చుకోవడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట నీళ్ల గొట్టంతో, ఒకరు లోపల టార్చితో. ధార మెల్లగా, కింది నుంచి పైకి పోతూ పట్టాలి. మొదటే కప్పు మీద పోస్తే నీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. లోపలివాళ్లు మూలల్లో బొటనవేలితో నొక్కి చూడాలి. ప్లైవుడ్ మెత్తగా లోపలికి పోతే ఆ చెమ్మ పాతది.

చక్రాల సంగతి క్లుప్తంగా చెప్తాను. టైరు పక్కన చివర నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. కారవాన్ టైరు అరిగి పోదు, ఎండకు పగిలి పోతుంది. కాబట్టి వయసే ముఖ్యం, ఆరేడేళ్లు దాటితే మార్చాలి. బేరింగుల గ్రీజు ఏటా మార్చాలి. వేసవిలో టైర్లకు ముసుగు వేయాలి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేయాలి, బ్యాటరీ తీసి చల్లటి చోట పెట్టాలి. గ్యాసు గొట్టం అతుకుల మీద సబ్బు నురగ రాసి చూడాలి.

ఇంకొక్కటి మాత్రం ప్రాణంతో పని. జనవరి రాత్రి చలికి కొందరు బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకుని తలుపు వేసుకుంటారు. గుడారంలో అది చెల్లింది, పొగా విషవాయువూ నేత సందుల్లోంచి పోయేవి. మనం చేత్తో ప్రతి సందూ మూసిన కారవాన్‌లో కార్బన్ మోనాక్సైడ్‌కు దారి లేదు. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. అతుకులు బాగుచేసినవాళ్లే గాలి దారులు తెరిచి ఉన్నాయో లేవో చూడాలి, విషవాయువును పసిగట్టే అలారం ఒకటి గోడకు పెట్టాలి. పొద్దున పైకప్పు నుంచి రాలే చుక్కల్లో చాలా భాగం మన ఊపిరి తడే. కప్పు కిటికీ రాత్రంతా కాస్త తెరిచి ఉంచితే అదీ తగ్గుతుంది.

అల్ రయ్యాన్‌లో ఈ పనులు చేసే చేతుల్లో మనవాళ్లవి కూడా ఉన్నాయి. ఇళ్లలో డ్రైవర్లుగా, తోటల్లో కాపలాదార్లుగా, వర్క్‌షాపుల్లో పనివాళ్లుగా కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎందరో. యజమాని చెప్పేది ‘కారకుండా చూడు’ అనే ఒక్క మాట. ఎలా అన్నది వీళ్లకు ఎవరూ నేర్పరు. పట్టీ నేసిన తల్లి కూతురికి నేర్పినట్టు, ఒక సీజన్ చూసినవాడు కొత్తగా వచ్చినవాణ్ణి నిచ్చెన ఎక్కించి చూపించాలి. చెప్పుకోడానికి ఇది డిప్లొమా లేని విద్య కావచ్చు, కానీ తడి ఎటు నుంచి ఎటు పోతుందో చూడగలిగిన కన్ను ఏ దేశంలోనైనా అన్నం పెడుతుంది.

మేలో ఇవన్నీ చేశాక వేసవంతా కారవాన్‌ను వదిలేయవచ్చు. ఆగస్టు 24 ప్రాంతంలో దక్షిణాన సుహైల్ నక్షత్రం కనపడుతుంది. మనం అగస్త్యుడనే నక్షత్రం అదే. ఇక్కడి పెద్దలు వేడి తగ్గడానికి దాన్నే గుర్తు పెట్టుకుంటారు. అది కనపడ్డాక ఒక ఉదయం తలుపులన్నీ తీసి, ఇద్దరూ కలిసి మళ్లీ నీళ్ల గొట్టం పట్టండి. ఎక్కడైనా కారితే, వస్మ్ వానలకు ఇంకా దాదాపు ఏడు వారాలుంటాయి. చట్రం ఊడదీసి, చెక్కను పూర్తిగా ఆరనిచ్చి, టేపు కొత్తగా వేయడానికి అంత సమయం చాలు.