చక్రం దగ్గరి చెయ్యి

తాండూరు భావిగి భద్రేశ్వర స్వామి జాతర చూసొచ్చినవాళ్లు రథం గురించి, లంకాదహనం బాణసంచా గురించి చెప్పుకుంటారు. కన్నడ సీమ పక్కనే ఉన్న ఊరు కాబట్టి, తెలుగూ కన్నడమూ ఉర్దూ కలగలిసిన ఆ జనసందడి గురించీ చెబుతారు. నా కళ్లు మాత్రం రథచక్రాల దగ్గరే ఆగిపోయాయి.

పాతకాలపు పెద్ద రథానికి స్టీరింగు ఉండదు, బ్రేకు ఉండదు. లాగితే నేరుగా పోవడమొక్కటే దానికి తెలుసు. దారి చూపించేది చక్రం కింద పెట్టే చెక్కదిమ్మ. ఓ పక్క పల్చగా, ఇంకో పక్క మందంగా చెక్కి ఉంటుంది. కుడి చక్రం కింద పెడితే అది వెనకబడుతుంది, ఎడమది ముందుకు సాగుతుంది, రథం కుడికి తిరుగుతుంది. ఎదురుగా ఇంటి అరుగో కరెంటు స్తంభమో వస్తే దిక్కు ఆ దిమ్మే.

చెప్పడం తేలిక. దిమ్మ ముందే పడితే లాగేవాళ్ల బలమంతా వృథా. ఆలస్యమైతే చక్రం దాని మీదికెక్కి రథం ఒరుగుతుంది. కింద బెత్తెడు ఎత్తు తేడా వచ్చినా పైన కలశం అంతకంటే చాలా ఎక్కువ ఊగుతుంది. అందుకే దిమ్మ వేసే మనిషి చూపు చక్రం ఒక్కదాని మీదే ఉండదు. రథాన్ని లాగే మోకు బిగుసుకుంటోందా, వదులవుతోందా అన్నదీ కనిపెడుతుంటాడు. మోకు బిగిసిన మరుక్షణం చక్రం కదులుతుందని అతనికి తెలుసు. డప్పుల మోతలో కేక వినబడదు కాబట్టి ముందున్న పెద్దమనిషి తువ్వాలు ఊపితేనే సైగ. దిమ్మ వేసిన చెయ్యి అప్పటికే వెనక్కి వచ్చేసి ఉండాలి.

చెయ్యి ఎంత నేర్పుగలదైనా రథమూ గట్టిగా ఉండాలి. పూరీలో రథాలను ఏటా కొత్త కలపతో చేస్తారు. మన ఊళ్లలో పాత రథాన్నే ఏళ్ల తరబడి నడుపుతారు. జాతరకు ముందు వడ్రంగి ఇరుసు తట్టి చూసి, వదులైన చీలలు బిగించి, చక్రానికి నెర్రెలున్నాయేమో వెతుకుతాడు. దిమ్మ వేయడంలోని నేర్పుకు వస్తే, నాపరాయిని పొర చూసి విడదీసే పనివాళ్ల ఊరు తాండూరు. సరైన చోట, సరైన అదనున దెబ్బ వేయడం ఆ ఊరికి కొత్త కాదు.

మోకు లాగడానికి వందలమంది ముందుకొస్తారు. దిమ్మ పట్టేవాళ్లు కొద్దిమందే. ఆ పని ఎవరూ పుస్తకం చదివి నేర్చుకోలేదు, పెద్దవాళ్ల పక్కన నడిచి నేర్చుకున్నారు. ఈసారి జాతరకు వెళ్తే కాస్త ఎడంగా నిలబడి, మూల మలుపులో రథం తిరగడం చూడండి. కలశం ఊగకుండా తిరిగిందంటే కింద ఓ మంచి పనివాడు ఉన్నట్టే.